తిరుగుదారి ఖర్చు

 డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ స్మృతిలో మన మదనపల్లెలో జరుగుతున్న సభ ఇది. డెన్మార్కు నుంచి వచ్చిన ఈ వైద్యుడు 1912లో మొదలైన యూనియన్ మిషన్ క్షయ శానిటోరియానికి తొలి సూపరింటెండెంటు. 1915 నాటికి మన ఊరి బయట, రెండు వేల అడుగులు దాటిన ఎత్తులో, పొడిగాలి తగిలే నేలలో ఆరోగ్యవరం వెలిసింది. క్షయకు అప్పటికి మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కోవడానికి ఇంకా ముప్పై ఏళ్లు పట్టింది. మందు లేని జబ్బుకు గాలి, తిండి, విశ్రాంతి ఇచ్చి, మనిషిని మనిషిగా చూసిన చోటు అది. ఆయన పేరు తలచుకోవడానికి ఈ ఒక్కటీ చాలు.

అయితే ఆయన పేరున జరిగే సభలో కుటుంబాల గురించి మాట్లాడటానికి ఒక కారణం ఉంది. ఆయన చేతికి దొరికిన ఒకే ఒక్క చికిత్సా పద్ధతికి ముందు షరతు, రోగి ఇల్లు వదలడం. నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి. నూట యాభై ఏళ్లుగా ఈ పడమటి నేలను పట్టి పీడించిన ప్రతి ఆపదలోనూ ఇదే షరతు ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. దాన్నుంచే నా వాదం పుట్టింది. ముందే చెప్పేస్తాను. పెద్ద ఆపదలో కుటుంబం నిలుస్తుందా, చెదిరిపోతుందా అన్నది ఆ ఇంటివాళ్ల ప్రేమాభిమానాల మీద మనం అనుకున్నంతగా ఆధారపడదు. ఇల్లు వదిలిన మనిషి మళ్లీ ఇల్లు చేరడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. ఖర్చంటే డబ్బే కాదు. రోజులు, అనుమతులు, పరువు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ప్రేమ చాలదంటే కొందరికి మనసుకు కష్టంగా ఉంటుంది. కాస్త ఓపిక పట్టండి.

1. పది మైళ్ల నిబంధన

ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక దాన్ని మనవాళ్లు ధాత కరువన్నారు. 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా మద్రాసు రాజధాని ఎండిపోయింది. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, అది 1911లో ఏర్పడింది. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు కింద ఉండేవి. 1871 లెక్కల్లో 13 లక్షలు దాటి ఉన్న కడప జిల్లా జనం 1881కి 11 లక్షల చిల్లరకు దిగింది. ఈ అంకెను నిదానంగా చదవాలి. చనిపోయినవాళ్లు, పుట్టాల్సి ఉండీ పుట్టనివాళ్లు, ఊరొదిలి తిరిగి రానివాళ్లు అందులో కలిసిపోయి ఉన్నారు. జనగణనకు చనిపోయినవాడూ తిరిగి రానివాడూ ఒకటే. వాకిట్లో ఎదురుచూసే మనిషికి మాత్రం ఒకటి కాదు.

1877 తొలి నెలల్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల ఖర్చు తగ్గించడానికి వచ్చాడు. కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బు చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ ఆ కొలత మీద గట్టిగా పోట్లాడాడు, అది చాలామందికి తెలిసిన కథే. దాని పక్కనే ఉన్న ఇంకో నిబంధన మీద మన దృష్టి తక్కువగా పడింది. ఒళ్లు బాగున్న మనిషికి సొంత ఊరికి పది మైళ్ల లోపల పని ఇవ్వకూడదు, దూరంగా ఉన్న క్యాంపుకు పోయి అక్కడే ఉండాలి. దీని వెనక తర్కం సూటిగానే ఉంది. ఇంటి పక్కన పని పెడితే అవసరం లేనివాడూ వస్తాడు, దూరం పెడితే నిజంగా గతిలేనివాడే వస్తాడు. అంటే ఇల్లు వదలడానికి సిద్ధపడటమే ఆకలికి రుజువు.

ఈ నిబంధనను ఒక ఇంట్లో పెట్టి చూడండి. మంచాన పడ్డ ముసలమ్మ, చంటిబిడ్డ తల్లి, పనికి పోగల మగమనిషి, ఇంకా అమ్మని ఒక ఆవు. మగమనిషి పోతే మిగిలినవాళ్లను చూసేదెవరు? అందరూ పోతే ముసలమ్మ నడవలేదు, ఆవు దక్కదు. ఎవరూ పోకపోతే అందరికీ ఆకలే. ఇందులో ఏది ఎంచుకున్నా కుటుంబంలో ఒకరిని వదులుకోవాల్సిందే. చాలా కుటుంబాలు ఎంచుకోలేక ఆఖరి నిమిషం దాకా ఇంటినే పట్టుకుని, కదలాల్సి వచ్చేసరికి కదిలే శక్తి లేకుండా పోయాయి. దారుల వెంట తిరిగే అనాథ పిల్లలు, వాళ్లను చేరదీసిన మిషన్ల అనాథాశ్రమాలు, ఇవన్నీ ఆ కాలపు కాగితాల్లో కనిపిస్తాయి. వాటిని చదివి, కరువు మనుషుల్ని రాక్షసుల్ని చేసింది, తల్లులే బిడ్డల్ని వదిలేశారు అని రాసినవాళ్లున్నారు. నాకు అది అన్యాయమైన చదువు అనిపిస్తుంది. వదిలేయక తప్పని లెక్కను వాళ్లకు ఇచ్చింది వేరేవాళ్లు. కరువు చల్లారాక 1880లో కరువు కమిషన్, పని చేయలేనివాళ్లకు సాయం వాళ్ల ఊళ్లోనే అందాలని సిఫారసు చేసింది. అప్పటికే దక్షిణ భారతంలో యాభై లక్షలు దాటిన ప్రాణాలు పోయాయని అంచనా.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. అది మన సభల్లో తరచూ వినిపించేదే. పూర్వం ఉమ్మడి కుటుంబాలుండేవి, ఎంత కరువొచ్చినా ఓర్చుకునేవి, ఇప్పుడు ఎవరికి వారయ్యాక బలం పోయింది అని. ధాత కరువులోనూ ఉమ్మడి కుటుంబాలు ఉన్నాయి కదా! ఉమ్మడి ఇల్లు ఒక చిన్న కష్టాన్ని, అంటే ఒకరి జబ్బునో ఒక పంట నష్టాన్నో, పదిమందికి పంచగలదు. పదిమందికీ ఒకేసారి వచ్చిన కష్టాన్ని ఎవరికి పంచుతుంది? కరువు ముదిరేకొద్దీ గాదె ఖాళీ అవుతుంది, తర్వాత నగలు, తర్వాత గొర్రెలు, చివరికి పశువులు పోతాయి. పశువు కూడా పోయిన ఇంటికి తిరిగి రావడానికి పట్టుకొమ్మ ఉండదు. కొంచెం మేతతో, కరువుకు తట్టుకుని బతికే పుంగనూరు పొట్టి ఆవు విలువ ఇందులోనే ఉండేది, చివరిదాకా అమ్మకుండా నిలుపుకోగలిగిన ఆస్తి అది. (ఇప్పుడు అది లక్షల ధర పలికి నగరాల్లో బంగళాల వరండాల్లో ముద్దులు గుడుస్తోంది. దాని అదృష్టం బాగుంది, దాన్ని పెంచిన ఇళ్ల సంగతి వేరు.)

తిరిగి వచ్చే ఖర్చు ఎంత పెద్దదో చెప్పడానికి ఇంకో సాక్ష్యం సముద్రం అవతల ఉంది. 1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు ఒప్పందకూలీలు వెళ్లారు. వాళ్లలో ఉత్తర ఆర్కాటు వాళ్లు చాలామంది. ఒప్పందం అయిదేళ్లకే అయినా ఉచితంగా తిరిగి పంపేది పదేళ్లు నిండాకే. అయిదేళ్లకు రావాలంటే సొంత డబ్బుతో ఓడెక్కాలి. మిగిలిన అయిదేళ్లలో అక్కడే పెళ్లిళ్లు, పిల్లలు, చేను. ఫిజీలో ఇవాళ తెలుగు సంఘం ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. గర్వపడొచ్చు. ఆ టికెట్టు షరతు వల్ల ఇక్కడ ఎన్ని ఇళ్లలో వంశవృక్షం ఒక కొమ్మ దగ్గర ఆగిపోయిందో కూడా లెక్కలో వేసుకోవాలి.

2. ఆరోగ్యవరం నుంచి ఇంటికి

ఇప్పుడు మన స్మరణీయుడి దగ్గరికి వద్దాం. కరువు ఊరంతటినీ ఒకేసారి తాకుతుంది. క్షయ ఇంటింటినీ విడిగా, నిశ్శబ్దంగా తాకుతుంది. కానీ లెక్క వేస్తే అదీ మహా విపత్తే. సంపాదించే వయసులో ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టింది. శానిటోరియంలో పడక దొరికినా ఇంటికి రెండు నష్టాలు. సంపాదన పోతుంది, మనిషి పోతాడు. జబ్బు నయమై వచ్చినవాడికి మూడో ఖర్చు ఎదురయ్యేది, అది పరువు. క్షయ వచ్చిన ఇంట్లో పిల్లనివ్వరు, పిల్లను చేసుకోరు. శానిటోరియానికి పోవడమే ఊరందరికీ జబ్బును చాటింపు వేసినట్టయ్యేది. అందుకే చాలామంది దాచారు, దాచినందువల్ల ఇంట్లోవాళ్లకు అంటించారు.

ఆరోగ్యవరం గొప్పతనం అది తన గోడల మధ్యే ఉండిపోకపోవడంలో ఉంది. 1948లో దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టిన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 వరకు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ కుమారుడు యొహాన్నెస్ మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి క్షయ వ్యాప్తిని కొలిపించాడు. తండ్రి రోగులను ఆరోగ్యవరానికి పిలిచాడు, కొడుకు పల్లెలకు నడిచాడు. 1956లో మద్రాసులో ఇంకో అడుగు పడింది. పేద, ఇరుకు ఇళ్ల నుంచి వచ్చిన రోగులను రెండు వర్గాలు చేసి, ఒకరికి శానిటోరియంలో, ఇంకొకరికి ఇంట్లోనే ఒకే మందులిచ్చి చూశారు. 1959లో వెలువడిన ఫలితాల్లో రెండు చోట్లా నయం కావడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో రోగి ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు అదనంగా జబ్బు అంటుకోవడమూ కనిపించలేదు. 1962లో మొదలైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఈ పునాది మీదే లేచింది. ఆ తర్వాత ప్రపంచమంతటా శానిటోరియంలు ఖాళీ అయ్యాయి.

మద్రాసు ఫలితాల్లో నాకు ముఖ్యమనిపించేది, ఇల్లు చికిత్సకు పనికిరాని చోటు అన్న నమ్మకం పోవడం. ఇరుకు గది, అరకొర తిండి, అయినా సరే మందు ఇంటికి చేరితే చాలింది. ఆపద వచ్చినప్పుడు మనిషిని ఇంటి నుంచి ఊడబెరికి సాయం దగ్గరికి తీసుకుపోవడమే శాస్త్రీయం అని ఎనభై ఏళ్లుగా పాతుకున్న ఆలోచన అక్కడ ఓడిపోయింది. తండ్రి ఫ్రిమోట్ మోలర్ చేసింది తప్పా అని ఎవరైనా అడగొచ్చు. కాదు. మందు లేని రోజుల్లో అంతకన్నా మంచి దారి లేదు. మందు దొరికాక కూడా పాత దారినే పట్టుకుని ఉంటే తప్పయ్యేది.

3. రైలు, బస్సు, విమానం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మన ఈ మూడు ఊళ్లకూ కరువు ఒకే రకంగా వచ్చింది. చెరువులు ఎండాయి, వేరుశనగ మాడింది, బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. వలస కూడా మూడింటి నుంచీ సాగింది. కానీ వలసపోయిన కుటుంబాల కథలు ఒకటి కావు, ఎందుకంటే తిరుగుదారి ఒకటి కాదు. కుప్పం బెంగళూరు–జోలార్‌పేట రైలు మార్గం మీద ఉంది. పొద్దున బండెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఇంటికి చేరేవాళ్లు అక్కడ కోకొల్లలు. పుంగనూరుకు రైలు లేదు. మదనపల్లె పేరుతో స్టేషనైతే ఉంది, అది ఊరికి దూరంగా సీటీఎం దగ్గర, ధర్మవరం–పాకాల మార్గం మీద. బెంగళూరులో బేల్దారి పని చేసే మదనపల్లె మనిషి వారానికో, పండక్కో బస్సులో వస్తాడు. కువైట్‌కు ఇంటిపనికి పోయిన ఆడమనిషి రెండేళ్లకు వస్తుంది, అదీ అక్కడి యజమాని, అంటే కఫీలు, పాస్‌పోర్టు చేతికిస్తే. రోజూ వచ్చే తండ్రి నిద్రలేమితో కూడిన తండ్రి, అయినా తండ్రే. రెండేళ్లకొకసారి వచ్చే తల్లిని బిడ్డ కొత్తగా గుర్తుపట్టాల్సి వస్తుంది. వీళ్లలో ఎవరి ప్రేమ ఎక్కువన్నది అర్థం లేని ప్రశ్న.

ఒక పెద్దమనిషి అడగొచ్చు. వలసే లేకపోతే ఈ కుటుంబాలు ఎప్పుడో పడిపోయేవి కదా, పోయినవాడు పంపిన డబ్బే కదా ఇల్లు నిలిపింది? నిజం. దీనికి నేను అడ్డం చెప్పను. కోలారు గనుల్లో, కుప్పం పక్కనున్న బిసానత్తం, చిగురుగుంట గనుల్లో దొరికిన కూలీ ఎన్ని ఇళ్లకు గంజి పోసిందో అందరికీ తెలుసు. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాక అక్కడి జనం కూడా పొద్దున్నే బెంగళూరు రైలెక్కడం నేర్చుకున్నారు. వలస వద్దని నా వాదం కాదు. వలసను కుటుంబం తట్టుకుంటుంది, తిరుగుదారి తెరిచి ఉన్నంతవరకు. దారి మూసుకుపోయిన రోజు ఏమవుతుందో 2020 చూపించింది.

4. మూసిన దారి

2020 మార్చి 24 రాత్రి కోవిడ్ కట్టడికి ప్రకటన, తెల్లవారితే లాక్‌డౌన్. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక గంట ప్రయాణం దూరంలో ఉన్న ఇంటికి మధ్యలో రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టు అడ్డం వచ్చింది. జనం నడిచారు. వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లు మే 1న మొదలయ్యాయి. టికెట్టు ఎవరు కట్టాలన్న తగవు నెలంతా నడిచి, వలస కూలీల దగ్గర ఛార్జీ వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు మే 28న చెప్పాల్సి వచ్చింది. విదేశాల నుంచి రావడానికి మే 7న మొదలైన విమానాల్లో ప్రయాణికులే టికెట్టు పెట్టుకున్నారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, ప్రభుత్వం పూనుకుని లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చింది. తిరుగుదారి ప్రభుత్వ బాధ్యత కాగలదని అప్పుడే రుజువైంది, ఆ పాఠం 2020కి సగమే గుర్తుంది.

ఇప్పుడు నా వాదానికి అన్నిటికన్నా గట్టి దెబ్బ. ఊరు చేరినవాళ్లను ఊరే ఆపింది. పల్లెల దారులకు అడ్డంగా ముళ్లకంపలు వేశారు. కోవిడ్‌తో పోయినవాళ్ల శవాలను సొంతవాళ్లే తీసుకోని సంఘటనలు జరిగాయి. తిరుపతిలో ముస్లిం యువకులు ముందుకొచ్చి, కులం, మతం చూడకుండా అంత్యక్రియలు చేశారు. ప్రేమ చాలదని నేనంటున్నాను, అసలు ప్రేమే లేదని ఇది రుజువు చేయదా? నేనలా అనుకోను. 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల్లో, జాగ్రత్తలతో శవం ముఖం చూపించవచ్చని, తాకకుండా చేసే కర్మలు చేసుకోవచ్చని ఉంది. ఆ కాగితం ఎన్ని ఇళ్లకు చేరింది? చేరింది భయం మాత్రమే, అంటువ్యాధి గురించి టీవీలో రోజంతా సాగిన మోత మాత్రమే. శానిటోరియం రోజుల్లో లాగే ఇంటికి మళ్లీ ఒక మాట చెప్పారు, నీకు చేతకాదు, నువ్వు ప్రమాదం అని. ఎలా చేయాలో చెప్పేవాళ్లు పక్కనుంటే ఆ కుటుంబాల్లో చాలా భాగం చేసి ఉండేవి. తిరుపతి యువకులు చేసిందీ అదే, జాగ్రత్తలు నేర్చుకుని చేశారు. వాళ్ల ధైర్యం తక్కువదని కాదు, దానికి తోడు పద్ధతి కూడా వాళ్ల దగ్గరుంది.

5. ఇంటి లోపలి లెక్క

ఇంతవరకూ ఇంటిని ఒకే మనిషిలా మాట్లాడాను. అది నిజం కాదని ఈ సభలోని స్త్రీలు ఈపాటికి అనుకునే ఉంటారు. కుటుంబం నిలిచింది అంటే ఎవరి మీద నిలిచింది? కరువులో ఆఖరున తినేది ఎవరు? మగవాళ్లు బెంగళూరు పోయాక రోజుకు రెండుసార్లు పాలు పితికి, డెయిరీకి పోసి, అత్తమామలను చూసేది ఎవరు? సంకర జాతి ఆవు వచ్చాక పల్లెల్లో చేతికి నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. కానీ ఆ ఆవు ఒక్క పూట కూడా ఇంటి మనిషిని ఊరు దాటనివ్వదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. బడి మూతపడి, కూలి ఆగిన ఇంట్లో కూతురి పెళ్లి ఒక నోరు తగ్గించే ఉపాయం. కుటుంబం తట్టుకుంది అని పైనుంచి చూసి మెచ్చుకునే చోట ఎన్నోసార్లు లోపల ఒక పిల్ల ఆ ఖర్చు కట్టి ఉంటుంది. ఆమెకు మాత్రం తిరుగుదారి లేదు.

కాబట్టి సాయం ఇంటికి రావాలంటే సరిపోదు, ఇంట్లో ఎవరి చేతికి రావాలో కూడా చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న పొరుగున అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ పథకాన్ని నేను ఇందుకే తరచూ తలుస్తాను. 2005 నాటి ఆ చట్టం ఊరికి అయిదు కిలోమీటర్ల లోపల పని ఇవ్వాలంది, అంతకు మించితే కూలి పదో వంతు పెంచాలంది. పనిచోట చిన్నపిల్లలు అయిదుగురు గానీ అంతకు మించి గానీ ఉంటే వాళ్లను చూసే మనిషిని పెట్టాలంది. టెంపుల్ పది మైళ్ల లోపల పని వద్దన్నాడు, ఈ చట్టం అయిదు కిలోమీటర్లు దాటితే పరిహారం కట్టమంది. మధ్యలో నూట ముప్పై ఏళ్లు. కూలీ బకాయిలు, హాజరు పట్టీల మోసాలు, పిల్లలను చూసే మనిషి కాగితం మీదే ఉండటం, ఇవన్నీ నాకూ తెలుసు. అయినా మన రాష్ట్రంలో ఆ పనికి వచ్చినవాళ్లలో సగానికి పైగా స్త్రీలే అన్న సంగతి ఊరికే పుట్టలేదు. ఇంటి దగ్గర పని, పక్కింటి మగవాడితో సమానమైన కూలి ఉంటే ఆమె వస్తుంది. నెల మొదట్లో ముసలివాళ్ల గుమ్మానికే పింఛను రావడం కూడా ఈ వరసలోదే. బెంగళూరులో ఉన్న కొడుకు మీద పూర్తిగా ఆధారపడని తల్లి మనవల్ని ధైర్యంగా దగ్గర పెట్టుకుంటుంది.

చివరగా ఇక్కడున్న ద్రావిడ విశ్వవిద్యాలయం అధ్యాపకులకు, గ్రామ సచివాలయ ఉద్యోగులకు ఒక పని అప్పగించి సెలవు తీసుకుంటాను. 1877 కరువు పనుల లెక్కల్లో కూలీలను తలల వారీగా లెక్కించారు, ఎవరు ఎవరి ఇంటివాళ్లో లేదు. 2020 సెప్టెంబరులో లాక్‌డౌన్‌లో చనిపోయిన వలస కూలీల లెక్క తమ దగ్గర లేదని కేంద్రం లోక్‌సభకు చెప్పింది. మన మూడు నియోజకవర్గాల్లో ప్రతి సచివాలయం దగ్గరా ఇంటింటి వివరాలున్నాయి, బియ్యం కార్డులకూ పింఛన్లకూ వాడుతున్నారు. వాటికి నాలుగు గడులు కలపండి. ఇంట్లోంచి ఎవరు ఎక్కడ పని చేస్తున్నారు, అక్కడి నుంచి ఇల్లు చేరడానికి ఎన్ని గంటలు, ఎంత ఛార్జీ, వాళ్లు లేనప్పుడు ముసలివాళ్లనూ పిల్లలనూ ఎవరు చూస్తున్నారు. విశ్వవిద్యాలయం విద్యార్థులు వేసవి సెలవుల్లో ఒక మండలంతో మొదలుపెట్టవచ్చు. రామసముద్రం అయినా సరే, గుడుపల్లె అయినా సరే. నాలుగో గడిలో పేరు రాసేటప్పుడు ఆ మనిషి వయసు కూడా రాయండి, పద్దెనిమిది దాటిందో లేదో తెలుస్తుంది.